పేజీకి నూట ఎనభై

పేజీకి నూట ఎనభై రూపాయలు.
నలభై ఆరు పేజీలు.
శుక్రవారం పొద్దున పెదగంట్యాడ కల్యాణమండపంలో
జనం ముందు చదవాలి, తెలుగులో.
"అందరికీ అర్థమయ్యేలా" అన్నాడు
సిరిపురం ఆఫీసులో ఏసీ తగ్గిస్తూ ఒక కుర్రాడు.

మొదటి పేజీ సుఖంగా సాగింది.
ఛైర్మన్ గారి లేఖ:
సాధించాం. విస్తరించాం. అధిగమించాం.
మూడు క్రియలు, మూడింటి చివరా నిండు సున్న.

ఏడో పేజీలో స్టేక్‌హోల్డర్లు.
ఆ మాటకి తెలుగు కోసం చాలాసేపు వెతికాను.
వాటా ఉన్నవాళ్లా?
పందెం కాసినవాళ్లా?
పణంగా పెట్టబడినవాళ్లా?
చివరిది అతికినట్టు కుదిరింది.
"భాగస్వాములు" అని రాసి పేజీ తిప్పాను.

పన్నెండో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
ఆగస్టు పద్నాలుగు రాత్రి
ట్యాంకు నుంచి ద్రవం విడుదల చేయబడింది.
గెడ్డలో కలిసినట్టు గుర్తించబడింది.
తగిన చర్యలు తీసుకోబడ్డాయి.
విచారం వ్యక్తపరచబడింది.

విచారం కూడానా!
ఏ గొంతులోంచీ రాకుండా
ఎలా బయటికొచ్చిందో పాపం.

కంచరపాలెం స్కూల్లో మా తెలుగు మాస్టారు
సుద్దముక్క విసిరి మరీ చెప్పేవారు:
"కర్తను ఎంత దాచినా, ఒరే,
మన భాషలో క్రియ తోక పట్టుకుంటే దొరికిపోతాడు.
తిన్నాను అంటే నువ్వే. తిన్నాడు అంటే వాడే.
ఒక్క 'బడు' తగిలించావో
పరారీ."
అప్పుడు రెండు మార్కుల కోసం నేర్చుకున్నాను.

ఇరవై తొమ్మిదో పేజీలో, ఎట్టకేలకు, ఒక కర్త.
"కాంట్రాక్టు ఆపరేటర్ బొడ్డు తవిటయ్య నిర్లక్ష్యం వహించాడు."
ఇంత లావు నివేదికలో
ఏదైనా చేసిన మనిషి అతనొక్కడే,
ఇంటిపేరుతో, టోకెన్ నంబరుతో సహా.
వెనక అనుబంధంలో, చీమల్లాంటి అక్షరాల్లో, అతని లాగ్‌బుక్కు:
జూన్ తొమ్మిది. వాల్వు కారుతోంది సార్.
జూలై రెండు. ఎక్కువైంది సార్.
జూలై ముప్పై. సార్.
మూడింటి పక్కనా ఎర్ర సిరాతో
గమనించబడింది.

శుక్రవారం.
మొన్నటి పెళ్లి దండలు ఇంకా వేలాడుతున్నాయి మండపంలో.
వేదిక మీద నీళ్ల సీసాలు, ఇద్దరు అధికారులు,
ఛైర్మన్ గారికి వేసిన ఎత్తు కుర్చీ, ఖాళీగా.
ముంబై విమానం రద్దు చేయబడిందట.

నేను చదువుతున్నాను.
మూడో వరసలో గనగళ్ల పరదేశమ్మ
ఒళ్లోని ఖాళీ తట్ట కింద పెట్టి లేచింది.
"సదివింది బాగుంది గానీ బాబూ,
ఒగ్గేసినోడెవుడు?"
"విడుదల చేయబడిందమ్మా."
"అదే. ఎవుడు?"
"అంటే... చేయబడింది."
"మా గుంటడికి ఒళ్లంతా బొబ్బలు.
గెడ్డలో సేపలన్నీ ఎల్లకిలా తేలినాయి.
మీ కంపెనీలో మనుసులు లేరేటి,
అన్నీ దెయ్యాలే సేస్తన్నాయా?"

జనం నవ్వారు.
వెనక గోడకానుకున్న ఒకాయన నవ్వలేదు.
చొక్కా జేబుకి ఇంకా టోకెన్ బిళ్ల వేలాడుతోంది.

అధికారి నా చేతిలోంచి మైకు తీసుకుని
"మీ ప్రశ్న నమోదు చేయబడింది" అన్నాడు,
చక్కటి తెలుగులో.
ఆ తెలుగు నాదే.
పరదేశమ్మ కూర్చోలేదు.

రాత్రి బిల్లు రాస్తూ
"నలభై ఆరు పేజీలు అనువాదం చేయబడినవి" అని రాసి,
కొట్టేసి,
"చేశాను" అని దిద్దాను.
'ను' దగ్గర సిరా కాస్త పేరుకుంది.

టీడీఎస్ పోను ఏడువేల నాలుగువందల యాభై రెండు.
సోమవారం జమ చేయబడుతుందని
మెసేజ్ వచ్చింది.