ముట్టుకోరాదు

చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాం.
పైకప్పు నుంచి నేల దాకా బట్టే:
నీలిమందులో ముంచినవి, పొందూరు తెలుపువి,
మధ్యలో మనిషి పట్టేంత సందు.
బీచ్‌రోడ్డు హోరు గుమ్మంలోనే ఆగిపోయింది.
ఏసీ గాలికి అంచులొచ్చి
మోచేతుల్ని ముట్టుకుంటున్నాయి.
మేమే ముట్టుకోకూడదట.

మూడో మలుపులో పాత వల.
తుడుపుకర్ర గోడకానించి
ఒకావిడ దాన్నే చూస్తోంది.
బ్యాడ్జీలో పేరు ఎర్రెమ్మ.
"ఈ ముడి మా పేటది కాదు,
బీమిలోల్లది" అంది, నాతో కాదు.

తెగిన కన్నొకటి కనబడింది.
ఇక చెయ్యి ఆగలేదు.
యూనిఫాం చీర కొంగులోంచి పోగు లాగి
రెండు చుట్లు, ఒక బిగింపు,
మిగిలిన కొస పంటితో కొరికేసింది.

గార్డు అటు తిరిగి దగ్గాడు.

నీలం వలలో ఇప్పుడు
ఒక్కటే ఆకుపచ్చ కన్ను.
సందు దాటేదాకా
నా వీపు మీదే ఉంది.