నా బోణీ నేనే

తాళం చెవిని చంకలో పెట్టుకుని వస్తాను.
సున్నాకి కింద ముప్పై ఒకటి.
ఈ చలిలో ఇనుముకి వేలు అంటించిన వాళ్ళకి తెలుసు
చర్మం ఎంత చవగ్గా పోతుందో.

ఉలాన్‌బాతర్‌లో నా కొట్టు
బస్టాపుకీ బొగ్గు పొగకీ మధ్య ఒక రేకు పెట్టె.
నేను, కుట్టు మిషను, గిరాకీకి ఒక ముక్కాలి పీట.
ఇద్దరొస్తే ఒకరు బయట వణకాలి.
ఇద్దరు రావడం ఈమధ్య తక్కువే.
ఎదురుగా అద్దాల అంగడి వెలిసింది,
కొత్త బూట్లు, నెలనెలా కొంచెం కట్టుకోవచ్చు,
పాతవి పాడైతే పారేసుకోవచ్చు.

మిషను నూనె గడ్డకట్టి ఉంటుంది.
చక్రాన్ని చేత్తో ఇరవైసార్లు తిప్పాలి,
పదిహేడోసారికి గానీ కీచుమనదు.
నేనూ అంతే.
ఫ్లాస్కులోని ఉప్పు టీ రెండు గుక్కలు దిగాక గానీ
నా పేరు సెవెల్మా అని నాకే గుర్తుకు రాదు.

అల్లుడు జొల్బో ఫోనులో ఏవేవో చూస్తాడు.
తెల్లారి అయిదింటికి లేవాలట, లక్ష్యాలు రాసుకోవాలట.
అట్టంత మందం కాగితం మీద ఎర్రసిరాతో తనే రాసి
మిషను పైన అతికించి వెళ్ళాడు:
"ఏడాదిలో మూడు కొట్లు."
ఉన్న ఒక్క కొట్టుకే రేకు చాలక సందుల్లో గుడ్డ కుక్కాను.
కాగితం మాత్రం మంచిది.
అట్ట అయిపోయిన రోజున దాన్నే కోసి
ఒక టీచరమ్మ బూటులో అడుగున పరిచాను.
ఆవిడ ఇప్పుడు నా మూడు కొట్ల మీద నడుచుకుంటూ
బడికి వెళుతోంది.

హుషారు, నాకు తెలిసినంతలో,
మా తమ్ముడి లాంటిది.
వస్తానంటాడు, రాడు.
పని సగమయ్యాక తలుపు తోసుకొచ్చి
"నేను లేకుండానే మొదలెట్టావా?" అంటాడు.

అందుకని ఎదురుచూడను.
పైఅరలో పదకొండు జతలున్నాయి,
ఇచ్చినవాళ్ళు తిరిగి రానివి.
చీటీల మీద పేర్లుండవు, నా గుర్తులే:
"దగ్గే మనిషి, మడమ."
"పెళ్ళికి వెళ్ళాలంది, ఎడమ జిప్పు."
"అబద్ధమాడాడు, రెండు కాళ్ళూ."
రోజూ పొద్దున ఒకటి దింపుతాను.
పది నిమిషాల్లో తెమిలే పనే: ఒక మేకు, నాలుగు కుట్లు, ఒక జిప్పు రన్నరు.
తెమిలాక నా జేబులోంచి అయిదొందల తుగ్రిక్‌ల నోటు తీసి
గల్లా డబ్బాలో వేస్తాను.
బోణీ అయింది.
చెయ్యి వేడెక్కింది. ఇక ఎవరొచ్చినా, రాకపోయినా
ఇది తెరిచి ఉన్న కొట్టు.

కొన్ని రోజులు ఆ నోటు గల్లాలో ఒంటరిగానే పొద్దు పుచ్చుతుంది.
దాచను, అలాంటి ఒక సాయంత్రం
హీటరు ఆపేసి, చీకట్లో, ఆ పీట మీద
నేనే గిరాకీలా కూర్చున్నాను,
ఎవరో వచ్చి నన్ను బాగుచేస్తారన్నట్టు.
కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి ఇంటికెళ్ళాను. అంతే జరిగింది.

నిన్న మధ్యాహ్నం తలుపు కదలకముందే దగ్గు వినిపించింది,
రెండు చలికాలాల తర్వాత.
చీటీ అడగలేదు, అరలోకి చెయ్యెత్తాను.
బూటు తిప్పి చూశాడు, జిప్పు లాగాడు, మళ్ళీ లాగాడు.
"నేను చెప్పింది మడమ ఒక్కటే.
రన్నరు ఎవరు మార్చమన్నారు? దానికి పైసా ఇవ్వను."
"ఇవ్వొద్దు," అన్నాను.
బేరానికి నడుం బిగించి వచ్చిన మనిషి
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.
ఆ రన్నరు డబ్బు ఎప్పుడో ముట్టింది,
మొన్న మంగళవారం,
ఈ చేతి నుంచి ఈ చేతికి.

మడమ ఖరీదు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి,
కాళ్ళవి విప్పి పీట కిందకి తోసి,
"వీటిని కూడా చూడు, తొందరేం లేదు,"
అని దగ్గుకుంటూ పోయాడు.
కొత్త చీటీ రాశాను.
పేరు అడగడం మళ్ళీ మరిచాను.

కొట్టు కట్టేసేటప్పుడు గల్లాలోంచి
నా నోటు నేను ఏరుకున్నాను.
మడత దగ్గర చిరిగి, టేపు వేసి ఉంటుంది, వేలికే తెలిసిపోతుంది.
లోపలి జేబులో, తాళం చెవి పక్కన పెట్టాను.
రేపటి మొదటి గిరాకీ,
చలికి బిగుసుకుపోకూడదు.