రెండు ఏటవాలు గీతల తర్వాత

రాత్రి రెండూ నలభైకి ఫోను మొత్తుకుంది.
పేమెంట్లు పడిపోతున్నాయట.
ఎవరికో ఎక్కడో బిర్యానీ డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి,
అందుకని బెళ్ళందూరులో నేను లేచి కూర్చున్నాను.
కిటికీ అవతల చెరువు కంపు,
ఇవతల ఒళ్ళో లాప్‌టాప్ వేడి,
పక్క మంచం మీద బిన్సీ
నిద్రలో ఎవర్నో మలయాళంలో తిడుతోంది.

మా కోడు ఒక పాత సత్రం.
వచ్చినవాడల్లా ఓ గోడ లేపి, మేకు కొట్టి,
చొక్కా దానికే వదిలేసి
ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు.
ఏ మేకు మీద ఏ గోడ నిలబడిందో
ఇప్పుడున్న మాలో ఎవరికీ తెలీదు.
దీన్నే ఆర్కిటెక్చర్ అని
తెర మీద రంగుల డబ్బాలు గీసి చూపిస్తాం.

నాలుగు వేల పన్నెండో లైను దగ్గర
రెండు ఏటవాలు గీతలు.
వాటి తర్వాత, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"దీన్ని ముట్టుకోవాకు నాయనా, కొంప మునుగుతాది.
ఎందుకని అడగాకు. నాకూ అంతుబట్టలా. - ఓబులేసు"

చీకట్లో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను.
ముట్టుకోవాకు అన్న మాటలోనే
ఊరి పొలిమేర కనిపించింది, మా వైపే.
తొమ్మిదేళ్ళ కిందటి తేదీ.
అప్పుడు నేను మదనపల్లెలో
బెంజీన్ బొమ్మలు బట్టీ పడుతున్నాను.

ముట్టుకున్నాను.
మునిగింది.
నాలుగున్నరకి ఉన్నదున్నట్టు పెట్టేస్తే తేలింది.
అసలు తప్పు ఇంకోచోట,
నిరుడు నేనే రాసిన లైనులో.

ఆ రెండు గీతల తర్వాత రాసింది యంత్రం చదవదు,
దాటుకుని పోతుంది.
అక్కడ ఏం రాసినా మనిషి కోసమే.
కాలేజీలో నాలుగేళ్ళు, ఇక్కడ నాలుగేళ్ళు,
ఇది నాకెవరూ చెప్పలేదు.

మిగతా అన్నిచోట్లా
ఎవరి కోసం రాస్తున్నామో తెలియకుండానే రాస్తున్నాం.
పేరు పక్కన పచ్చచుక్క కొండెక్కకుండా
గంటకోసారి మౌస్ కదిలించి వచ్చేవాళ్ళున్నారు మా ఫ్లోర్‌లో,
అఖండదీపానికి నూనె పోసినట్టు.
ఉద్యోగం పోయినవాడు కూడా
"ఈ ప్రయాణానికి కృతజ్ఞుణ్ణి" అని మొదలుపెడతాడు.
కింద రెండొందల చప్పట్లు.
ఈ నెల అద్దె ఎలా కడతావని ఒక్కరూ అడగరు.
నేనూ కొట్టాను చప్పట్లు.
బొటనవేలికి ఏం పోయింది?

పొద్దున ఐదొందల డి బస్సులో నిలబడి
షాపుల బోర్డులు చదువుతూ పోయాను.
తలకట్టు కొంచెం వేరేగా దువ్వుకున్న
మన అక్షరాలే అన్నీ.
సిల్క్ బోర్డ్ దగ్గర ఎంతసేపు ఆగిందంటే
ఒక సబ్బు ప్రకటన నోటికొచ్చింది.

మీటింగ్‌లో కామత్ అన్నాడు,
కొత్త ఏఐతో పాత కోడంతా కడిగించేద్దామని.
దాని మీద నాకు కోపం లేదు, ఒట్టు.
నేను మూడు రోజులు తవ్వేది మూడు నిమిషాల్లో తవ్వింది.
తప్పని చెప్తే క్షమాపణ కూడా అడుగుతుంది,
కామత్ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడిగింది లేదు.
నాలుగు వేల పన్నెండు దగ్గర ఆగి, మర్యాదగా అంది:
"ఈ వ్యాఖ్యలో పనికొచ్చే సమాచారమేమీ లేదు. తొలగించమంటారా?"

ఓబులేసు ఇప్పుడెక్కడున్నాడో
వెతికితే ఒక్క నిమిషం పని.
వెతకలేదు.
టై కట్టుకుని, చేతులు కట్టుకుని,
"గర్వంగా ప్రకటిస్తున్నాను" అంటూ కనిపిస్తాడేమోనని భయం.
నాకు ఆ రాత్రి దొరికిన ఓబులేసు చాలు,
తెలీదని సంతకం పెట్టినవాడు.

వద్దని నొక్కాను.
దాని కిందే ఇంకో రెండు గీతలు గీసి రాశాను:
"నిజమేన్నా. ముట్టుకుంటి. మునిగింది.
ఇంకోటి, నేను నాయనను కాదు, అమ్మిని. - హైమావతి"