సమ్మతి పత్రం వెనకవైపు

కొత్తపేటలో నా జిరాక్సు మిషన్ పక్కన
ఇప్పటికీ నాలుగు కట్టలున్నాయి.
"ఈ పరిశోధనలో నా ఇష్టంతోనే పాల్గొంటున్నాను" అని
పదకొండుసార్లు దిద్దించి తీయించిన కాగితాలు.
అడుగున వేలిముద్రకి ఖాళీ గడి.

ఢిల్లీలో ఎక్కడో ఒక సంతకం పడిందట.
మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ
ఊపిరితిత్తుల మీద మూడేళ్ళ పరిశోధన.
మా వీధికి తెలిసిందల్లా
ఓ సోమవారం మస్తాన్‌వలి ఆటోకి
నెలవారీ కిరాయి కుదరడం.

వెనక సీట్లో థర్మోకోల్ పెట్టె,
పెట్టెలో రక్తం, రక్తం చుట్టూ ఐసు.
మూడు వంతెనల కింద గుంతల్లోంచి
బాలింతను ఇంటికి తెస్తున్నట్టు నడిపేవాడు.
ఎండాకాలం తప్ప తాళం తీయని
ఏటుకూరు రోడ్డు ఐసు ఫ్యాక్టరీ
మార్గశిరంలోనూ పొగమంచుతో పోటీపడింది.

ఐసు మోసిన కుర్రాడు
సైదమ్మ బండి దగ్గర ఇంకో ప్లేటు పునుగులు తిన్నాడు.
సైదమ్మ రెండో పొయ్యి కొంది.
పొయ్యి అమ్మినవాడు
కూతురి సర్టిఫికెట్లు నా దగ్గర కలర్లో తీయించాడు.
చూశారా,
తిరిగి తిరిగి ఢిల్లీ సంతకం
నా గల్లాలోకే వచ్చి పడుకుంది.

దీన్ని గుణకం అంటారట పెద్ద లెక్కల్లో.
ఎస్తేరురాణి చెప్పింది.
ఎమ్మెస్సీ చదివి మూడేళ్ళు
చీరల కొట్లో మడతలు పెట్టిన పిల్ల.
ఇప్పుడు మెళ్ళో గుర్తింపు కార్డు,
చేతిలో ఊపిరి కొలిచే గొట్టం.
"ఊదు పిన్నీ, ఇంకా, ఇంకా ఊదు!"
యార్డు గేటు దగ్గర ఆ కేకలు వింటే
పచ్చికట్టెల పొయ్యి రాజేయిస్తోందనుకున్నాను.

ఫారాలివ్వడానికి వెళ్ళిన రోజు
అంకమ్మ వంతు.
బుగ్గలు పొంగించి ఊదింది.
ముల్లు సగం దాకా కూడా రాలేదు.
పోయిన పూట కూలికి నూటయాభై ఇచ్చారు.
"ఇన్నేళ్ళ దగ్గుకి
ఇవాళ కదయ్యా రేటు కట్టింది" అని నవ్వింది.
నవ్వు దగ్గులోకి జారింది.
దగ్గుతూనే లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

ఆ రాత్రి గల్లా తీస్తే
నోట్లలోంచి ఘాటొచ్చింది.
తుమ్మాను.
అబద్ధమెందుకు,
తుమ్మి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.

మూడేళ్ళు నిండాయి. పొడిగింపు రాలేదు.
మస్తాన్‌వలి స్టాండులో నిద్రపోతున్నాడు.
సైదమ్మ రెండో పొయ్యి మీద
బోర్లించిన గిన్నెలున్నాయి.
చీరల కొట్టువాళ్ళు మళ్ళీ రమ్మన్నారట,
ఎస్తేరురాణి ఇంకా ఏమీ చెప్పలేదు.
యార్డులో రెండు ఫ్యాన్లు బిగించారు, దుమ్ము లాగేవి.
ఒకటి తిరుగుతుంది.

కాలేజీ మేడ మీద
మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రిజ్ మాత్రం మోగుతూనే ఉంది.
దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో
ఎవరూ అడగరు,
అడిగితే ఆపేస్తారని.
రోహిణి కార్తెలో గుంటూరు మొత్తానికి
చల్లగా ఉన్నది
అంకమ్మ రక్తం ఒక్కటే.

నిన్న ఆవిడే వచ్చింది, పింఛను కాగితాలు పట్టుకుని.
రెండు కాపీలు.
చిల్లర లేక, బాకీ రాసిస్తానని
పాత ఫారం ఒకటి చింపి
వెనకవైపు అంకె వేశాను.

చదువు రాదు కదా,
కాగితం అటూ ఇటూ తిప్పింది.
ఖాళీ గడి దగ్గర బొటనవేలు ఆగింది.
వేలిని ఆ గడి మీదే ఉంచి
గొంతు తగ్గించి అడిగింది:

"మళ్ళీ మొదలెడుతున్నారా?"

మిషన్ ఇంకా వేడిగానే ఉంది.
నేను
టోనరు ఎంత మిగిలిందో చూస్తున్నట్టు
మూత తీసి
లోపలికి వంగాను.