బెత్తెలు

గుర్రాన్ని తల దాకా కొలవరు.
తల దానిష్టం, ఎత్తుతుంది, దించుతుంది.
మెడ మొదట్లో, జూలు ఆగిపోయే చోట
కదలని ఎముక ఒకటుంటుంది.
మా కొలకర్ర అక్కడి దాకానే.
ముప్పై ఏళ్ళుగా ఊరూరా చెబుతున్న మాటే,
లింకన్‌షైర్ ఫెన్స్‌లో ఆ ఉదయం
తిర్జా పెల్ అనే ముసలావిడకీ చెప్పాను.
విన్నట్టే తలూపి
టీ తేవడానికి వెళ్ళిపోయింది.

కొట్టం తలుపు రెండు రెక్కలూ తీశారు.
లోపలి చీకటే బయటికొస్తోందనుకున్నాను.
తర్వాత ఆ చీకటికి తెల్లని కాళ్ళొచ్చాయి,
గిట్టల మీదికి జారిన ఉన్నిలాంటి వెంట్రుకలొచ్చాయి.
ఒక్కో గిట్టా భోజనపు పళ్ళెమంత.
షైర్ జాతి. పేరు వికర్.
పదకొండు క్వింటాళ్ళ బరువు
పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది.
నేనూ పొడుగు మనిషినే.
దాని మూపు నా టోపీ మీదుగా
అవతలి బీటు దుంపల చేను చూస్తోంది.

నాడాలు తీయించారా? నిన్ననే.
నేల మట్టంగా ఉందా?
గాజు గొట్టంలో బుడగ నడిమధ్య నిలిచింది.
ఆ చుట్టుపక్కల మట్టమైన చోటు అదొక్కటే,
మనవడు డెన్జిల్ పోయించిన కాంక్రీటు పలక.
తక్కిందంతా నల్లటి పీట్ నేల.
నీళ్ళు తోడేసిన నాటి నుంచి
ఎండుతూ, గాలికి లేచిపోతూ, కుంగుతూనే ఉంది.
కాలవ రోడ్డుకంటే ఎత్తున పారుతుంది.
ఇళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరిగి
చెవులు కొరుక్కుంటాయి.
తిర్జా కాపురానికొచ్చినప్పుడు
గడపకి ఒకటే మెట్టట,
ఇప్పుడు నాలుగు.

పందొమ్మిది బెత్తెలు, ఒక వేలు.
మళ్ళీ కొలిచాను. అంతే.
మా సంఘం పుస్తకంలో మొదటి పేరుకి
సరిగ్గా ఒక వేలు తక్కువ.
"ఊపిరి పీల్చినప్పుడు చూడండి," అన్నాడు డెన్జిల్.
గుర్రం పీల్చింది.
కొట్టంలోని గడ్డివాసనంతా దానిలోకి వెళ్ళింది,
ఎముక మాత్రం కదల్లేదు.

తిర్జా నవ్వింది. కప్పు సాసర్‌లో టకటకలాడింది.

"పద్నాలుగులో యుద్ధమొచ్చినప్పుడు
ఇలాంటి కర్రతోనే వచ్చారు సైన్యం వాళ్ళు.
పదిహేను బెత్తెలు దాటినవాటిని తోలుకుపోయారు.
మావి ఐదు.
ఒక్కదాని దగ్గర్నుంచీ ఉత్తరం రాలేదు.
మిగిలింది మూడేళ్ళ ఆడది,
పదిహేనుకి అటూ ఇటూ.
మా మామగారికప్పుడు ఎనిమిదేళ్ళు.
రాత్రంతా వాన.
తెల్లారుజామునే దాన్ని తీసుకెళ్ళి
చేలో మెత్తటి చోట నిలబెట్టి
దోసిట్లో ఓట్లు పట్టుకున్నాడట.
గుర్రం తింటూ పోయింది,
గిట్టలు దిగబడుతూ పోయాయి.
ఆఫీసరుకి బూట్లంటే ప్రేమ.
చెయ్యి చాచి కర్ర బురద మీద ఆనించి
మూడు వేళ్ళు తక్కువని రాసుకున్నాడు."

ఆగింది.
వికర్ ఆమె స్వెటర్ జేబు మూతితో వెతికింది.

"ఇది దాని సంతతే.
ఎవరైనా వచ్చి పొడుగని రాసుకుంటుంటే
నాకిప్పటికీ కడుపులో దేవుతుంది.
ఒక వేలు తక్కువా, మంచిదే.
డెన్జిల్ మొహం చూడకు, వాడు కుర్రాడు."

నేను కర్ర మడిచాను.
ఫారంలో ఉన్నది ఉన్నట్టే రాశాను.
డెన్జిల్ సంతకం పెట్టి, పెన్ను
అక్కర్లేనంత గట్టిగా నొక్కి మూత పెట్టాడు.

కారు తాళం వెతుక్కుంటుంటే చూశాను.
ఆమె మోకాళ్ళ మీద కూర్చుని
గిట్ట అంచున అరచెయ్యి అడ్డంగా పెట్టింది.
ఒకటి.
దాని మీద రెండో చెయ్యి.
రెండు.
కీళ్ళవాతానికి వంకరపోయిన చేతులు,
పావు వంతు అరిగిపోయిన బెత్తె.
మోకాలి దగ్గర లేచి నిలబడింది.
భుజం దగ్గర మునివేళ్ళ మీద.
బయటికే లెక్కపెడుతోంది,
గుర్రం మీద అలిగినదానిలా, గొణుగుతూ.
ఇరవై రెండు దగ్గర
చెయ్యి ఇంక లేవలేదు.

పైన ఇంకా గుర్రం మిగిలే ఉంది.