ఇరవై మూడో పెట్టె

దేవరకొండ దాటినంక కొంత దూరానికి తారు ఆగిపోతది,
ఆ తర్వాత ఎర్రమట్టి, ఆ తర్వాత బండి గాడి.
గాడి కూడా అలసిపోయిన గుట్ట కింద
మా క్యాంపు: మూడు డేరాలు, ఒక డ్రిల్లు మిషను,
డీజిల్ వాసన కొట్టే సద్ది.

నా పని రాయిని మోసుడు.
గొట్టంతో పైకి తీసిన రాతి కడ్డీలను
మీటరు వెంట మీటరు పెట్టెలల్ల పేర్చి
తెల్ల పెయింటుతో లోతు రాసుడు.
ఏది మీద, ఏది కింద మర్చిపోవద్దు.
కడ్డీ తలకిందులైతే కాలమే తలకిందులైతదని
ఇంద్రాణి మేడం మొదటిరోజే భయపెట్టింది.

ఇరవై మూడో పెట్టెలో ఉంది ఆ చోటు.
కింద గులాబీ చాయ గ్రానైటు.
పైన ఒకప్పటి ఇసుక, ఇప్పుడు సమ్మెట కూడా తిరగబడే రాయి.
నడుమ గోరు మందాన నల్లటి గీత.
కింది రాయికి రెండువందల యాభై కోట్ల ఏండ్లట,
పైదానికి నూటయాభై.
నడిమి నూరు కోట్లు ఏమైనయి మేడం?
"కొట్టుకపోయినయి" అన్నది ఛాయ్ ఊదుకుంటూ.
వేలు పెట్టి చూసిన.
పోయిన కాలమంతా నా గోరు కింద పట్టింది.

ఆ గీత మీదనే కౌంటరుకు పూనకం.
గ్రానైటు మీద టిక్... ఆగి, ఇంకో టిక్.
గీత దగ్గరికి రాంగనే
కాగిన నూనెల ఆవాలు.
యురేనియం తన బరువు తానే మోయలేక
రవ్వరవ్వ విడుచుకుంటూ
ఆఖరికి సీసమైతదట,
సగం కావడానికే నాలుగువందల యాభై కోట్ల ఏండ్లు.
కృష్ణల వలలేసే మా బామ్మర్ది
వల అంచుకు కట్టే సీసపు గుండ్లు యాదికొచ్చినయి.
వాటిని ఇంకెప్పుడూ విసురుగా పారెయ్యలే.

మేకలు మేపే రమావత్ హేమ్లా
రోజూ వచ్చి ఒకటే అడిగేటోడు: "నీళ్లు పడ్డయా?"
మా ఊళ్లె నీళ్లకు బోరేసి
రాయి పడ్డదని తల కొట్టుకుంటం.
ఇక్కడ రాయికి వేస్తే, తొంభై రెండు మీటర్ల కాడ,
సరిగ్గా ఆ గీత కాడ, నీళ్లు ఎగజిమ్మినయి.
డ్రిల్లరు తిట్టుకుండు.
హేమ్లా రెండు డబ్బాలు పట్టుకొని ఉరికొచ్చిండు.
మేడం వద్దన్నది. ఎందుకో కూడా చెప్పింది.
ఆయన ఆ నీళ్ల దిక్కు చాలాసేపు చూసి
ఖాళీ డబ్బాలు మోకాళ్లకు కొట్టుకుంటుంటే
మేకల వెనక పోయిండు.

అమాస రాత్రులు టంగ్‌స్టన్ పని.
నల్ల గొంగడి కప్పుకొని ఊదారంగు దీపం పెడితే
పగలంతా పలుగురాయిలో పలుగురాయిలెక్క దాక్కున్న షీలైటు
నీలితెలుపు కండ్లు తెరుస్తది.
బల్బుల తీగ దీనిదేనట.
మా ఇంట్ల ఆ బల్బులు లేవు మేడం, అన్నీ ఎల్‌ఈడీలే!
రాయిని కొరికే ఉలి పండ్లకు గూడ ఇదే కావాలె అని
ఆమె నవ్వింది. నేను గూడ నవ్విన, దీపం ముందట.
ఆమె నవ్వు ఆగిపోయింది.

నా పండ్లు వెలిగినయట, అచ్చం ఆ రాయి రంగులనే.
గోధుమ చారలు మాత్రం వెలగలే.
అవి మా మర్రిగూడ దిక్కు బాయినీళ్ల చారలు,
ఇదే గ్రానైటు కరిగి కరిగి
నోట్లెకు, మా అవ్వ మోకాళ్లల్లకు నడిచొచ్చిన ఫ్లోరైడు.
ఏ లోతు రాస్తరు మేడం నా మీద?
అడగలే.
గొంగడి దులిపి మడతపెట్టిన.

రిపోర్టుల తేలింది రెండే మాటలు: ఉన్నది. చాలదు.
బోరు మూతికి సిమెంటు పెట్టి
ఆరకముందే మేకుతో నంబరు గీసిన.

మొన్న హేమ్లా ఫోన్ చేసిండు.
ఆ దిమ్మె ఎక్కి పిల్లమేకలు దూకుతున్నయట.
కొంచెం ఆగి, గొంతు తగ్గించి,
మూత పగలగొడితే ఎంత లోతుల ఉంటయన్నా నీళ్లు, అన్నడు.
తొంభై రెండు.
ఇప్పటికీ నిద్రల లేపి అడిగినా చెప్తా.
ఆయనకు మాత్రం యాదికి లేదన్న.