సోమవారం నెత్తురు

సోమవారం సోమవారం నేను కోళ్ల నెత్తురు తీస్తాను.
నవ్వొస్తే నవ్వండి,
కెరాంగ్ కౌన్సిల్ ఇచ్చే జీతం చీటీలో మాత్రం
పర్యావరణ ఆరోగ్యం అని రాసుంటుంది.

గ్లెనిస్ పెరట్లో ఇరవై పెట్టలు.
పేర్లొద్దు, అంకెలు చాలన్నారు ల్యాబ్ వాళ్లు.
గ్లెనిస్ వింటేనా! పదిహేడో నంబరు ఆమెకి డచెస్.
రెక్క విప్పి, ఈకలు తడిపి పక్కకి దువ్వి
నీలి నరం మీద సూది.
అర మిల్లీలీటరు.
డచెస్ ఏదో గొణుగుతుంది,
వదలగానే మట్టిలో గింజ వెతుక్కుంటుంది.

మూడేళ్లు వరసగా వచ్చింది లానినా.
స్పానిష్‌లో చిన్నపిల్ల అని అర్థమట.
ఎక్కడో పసిఫిక్ పడమటి వైపు నీళ్లు కాస్త వెచ్చబడ్డాయి,
ఎంతని, నుదుటి మీద చెయ్యి వేస్తే తెలియనంత.
దానికి ఇక్కడ,
సముద్రం టీవీలో తప్ప కనపడని ఈ గోధుమ నేలల్లో
నెలల తరబడి ముసురు.
లాడన్ నది గట్టు దాటి
ఫుట్‌బాల్ మైదానంలో వచ్చి కూర్చుంది.
స్కోరుబోర్డు పూర్తిగా మునగలేదు,
‘అతిథులు’ అన్న మాట నీళ్ల పైన ఇంకా కనిపిస్తోంది.

అతిథులొచ్చారు.
కంకణాల పిట్టలు, కొంగలు,
ఉత్తరాన ఏ మడుగులో ఏం తాగాయో చెప్పని చింతవక్కలు.

పొద్దుగూకాక చెట్టుకి వల కడతాను,
పక్కన బకెట్లో డ్రై ఐస్.
ఆ ఆవిరి దోమకి ఊపిరిలా తోస్తుంది,
మనిషి లేని ఊపిరి.
కిందటేడు వలకి నలభై పడితే ఎక్కువ,
పట్టకారుతో ఒక్కొక్కటే ఎంచేదాన్ని.
ఈ నవంబరులో ఎంచడం మానేసి తూచాను.
గ్రాముకి ఐదువందలు.
పద్నాలుగు గ్రాములు తూగిన రాత్రి
కాటా తప్పేమోనని బ్యాటరీ మార్చాను.

రోడెల్‌ది ఇలోయిలో. ఇక్కడ పందుల ఫారంలో పని.
శుక్రవారం తలనొప్పన్నాడు.
ఆదివారం ఫోన్‌లో కూతురు పలకరిస్తే
ఎవరని అడిగాడు.

ఆసుపత్రి కాగితంలో ఆ రోగం పేరు
ఇంగ్లిషులో ఒక వరసంతా పట్టింది.
నాకది ఒక్క మాట. మెదడువాపు.
కర్నూలు పెద్దాసుపత్రి గోడ మీద చిన్నప్పుడు చూశాను:
కొంగ బొమ్మ, పంది బొమ్మ, దోమ బొమ్మ,
మధ్య ఎర్ర బాణాలు.
చివరి బాణం బిడ్డ తల దగ్గర ఆగేది.
పెయింటు అయిపోయిందనుకునేదాన్ని.

బుధవారం ల్యాబ్ నుంచి మెయిల్:
పదిహేడు, పాజిటివ్.
తేదీ చూశాను.
రోడెల్‌కి తల నొయ్యడానికి పదకొండు రోజుల ముందు
నా చేతులతో తీసిన నెత్తురు.
రోడ్డు మునిగి, కొరియర్ వ్యాను తిరగబడి వెళ్లిపోయి
ఆ సీసా డిపోలో, ఐసుపెట్టెలో
తెలిసిందంతా పెట్టుకుని కూర్చుంది.
దోమని పెంచిన నీళ్లే
దోమ కబురునీ ఆపేశాయి.

డచెస్‌కి ఏమీ కాలేదు.
ఒంట్లో యుద్ధం జరిగింది, గెలిచింది,
ఆ పూట గుడ్డు కూడా పెట్టింది.

ఒకసారి చెప్పేసిన నెత్తురు మళ్లీ పనికిరాదు, అదీ నియమం.
గ్లెనిస్ దాన్ని నిమ్మచెట్టు కింద వేరే గూట్లోకి మార్చింది.
రోడెల్ చేతికర్రతో వచ్చి
వేలికి అంటిన దాణా దానికి తినిపిస్తాడు.
ఇద్దరూ మాట్లాడుకోరు.

వచ్చే ఏడు ఎండేనంటున్నారు.
మడుగులు పగుళ్లిస్తాయి.
ఆ పగుళ్లలో ఇంకో జాతి దోమ గుడ్లు
ఎండిపోతాయి గానీ చావవు.
వానకి వాటి అడ్రసు తెలుసు.

పదిహేడో నంబరులో కొత్త పెట్ట.
ఇంకా ఏమీ తెలియని నెత్తురు.
రెక్క విప్పుతాను.